ముఖశుద్ధి – దినచర్యలో తొలి అర్చన



దక్షయజ్ఞకథ కోనసీమవాసులకు క్రొత్తది కాదు. గౌతమికి ఆవలి ఒడ్డున భీమేశ్వరుడు వెలసిన ద్రాక్షారామమే నాటి యజ్ఞవాటికయని మన పెద్దలు చెప్పుదురు. ఈవలి ఒడ్డున మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నేటికిని నిత్యకల్యాణము జరుగుచున్నది. యజ్ఞధ్వంసము చేసిన వీరభద్రుని ఉగ్రము ఆ కల్యాణముతో శాంతించెనని స్థలపురాణము. ఆ మహాకథలో మనము గమనింపక దాటిపోవు చిన్న ఘట్టమొకటి కలదు. దక్షుడు నిండుసభలో శివుని నిందించుచుండగా పూషుడను దేవత పళ్ళు బయటబెట్టి నవ్వెను. శివగణములు యజ్ఞవాటికపై విరుచుకుపడిన నాడు ఆ పళ్ళన్నియు రాలగొట్టబడెను.

పిదప బ్రహ్మాదులు ప్రార్థింపగా శంకరుడు కరుణించెను. దక్షునకు మేకతల అమర్చబడి ప్రాణము వచ్చెను. కన్నులు పోయిన భగుడు మిత్రుని కన్నులతో చూచునట్లు అనుగ్రహము పొందెను. పూషునికి మాత్రము పళ్ళు మరల మొలవలేదు. యజమానుని పళ్ళతో నమలవలెను, పిండినే భుజింపవలెను అని నిర్ణయమయ్యెను. భాగవత చతుర్థస్కంధములోని ఈ కథకు అనుగుణముగనే వైదికకర్మలలో పూషునికి పిండితో చేసిన హవిస్సు నిచ్చు సంప్రదాయము కలదు.

తెగిన తలకు బదులు తల వచ్చినది గాని, రాలిన పన్నుకు బదులు పన్ను రాలేదు! దేవతకే తప్పని ఈ నియమము మానవునికి తప్పునా? పాలపళ్ళు ఊడిన తరువాత వచ్చు పళ్ళు మన జీవితమునకంతటికిని ఒక్కమారే వచ్చును. పూషుడు పరిహాసము వలన పళ్ళు పోగొట్టుకొనెను. మనమో, కేవలము అశ్రద్ధ వలన పోగొట్టుకొనుచున్నాము. పైగా "వయసు వచ్చినది, పళ్ళు పోవుట సహజము" అని సరిపెట్టుకొనుచున్నాము. ఇది సహజము కాదు. వయసు పళ్ళను రాల్చదు. ఏండ్ల తరబడి కడుగక వదలిన ఎంగిలి రాల్చును. ఈ మాటను విపులముగ మనవిచేయుటయే నేటి ప్రసంగము యొక్క ఉద్దేశము.

అక్షరములకు ఆసనము

పళ్ళు నమలుటకు మాత్రమే అనుకొనుట పొరపాటు. వర్ణములు పుట్టు స్థానములను శిక్షాశాస్త్రము కంఠము, తాలువు, మూర్ధము, దంతములు, ఓష్ఠములు అని విభజించినది. త, థ, ద, ధ, న – ఈ అయిదును, లకార సకారములును దంత్యములు. వకారము పళ్ళను పెదవిని కూడ ఆశ్రయించి పుట్టును. మన తెలుగునందు "చలి", "జల్లెడ" అనునపుడు పలుకు దంత్య చ, జలు వేరే కలవు.

కోనసీమలో తులసికోట లేని వాకిలి అరుదు. "తులసి" అను నామమును ఒకమారు నెమ్మదిగ పలికి చూడుడు. మూడక్షరములును దంత్యములే. ముందుపళ్ళు లేని నోట ఆ నామము స్పష్టముగ వెలువడుట కష్టము. స్తోత్రపఠనము చేయు తల్లికైనను, సంధ్యావందనము చేయు వటువునకైనను ఇదియే స్థితి. ఇక స్వరముతోను వర్ణశుద్ధితోను వేదము చెప్పు ఘనపాఠుల మాట చెప్పనేల? వేదపండితులకు నిలయమని కీర్తి గాంచిన ఈ సీమలో పళ్ళు పోవుట యనగా గురుముఖతః వచ్చిన ఉచ్చారణ శిథిలమగుటయే. తాను అధ్యయనము చేసినది శిష్యునికి చెప్పవలసిన వయసునకు గురువు నోట అక్షరము తొట్రుపడినచో నష్టము ఆయన ఒక్కరిది కాదు. కావున దంతరక్షణ శరీరపోషణలో భాగమే గాక భగవన్నామసేవలోను భాగమని మేము భావించుచున్నాము.

శాస్త్రము చెప్పినదేమి?

నిద్ర లేచిన పిదప స్నానమునకు ముందు చేయవలసిన శుద్ధులలో దంతధావనమునకు ధర్మశాస్త్రములు స్థానమిచ్చినవి. పుల్లను విరుచునపుడు ఆ వృక్షమును ఆయువు, బలము, యశస్సు, మేధ ప్రసాదింపుమని ప్రార్థించు ఆచారము కలదు. పన్ను తోముకొనుటకు కూడ ప్రార్థన ఏర్పరచిన సంప్రదాయము మనది.

ఆయుర్వేదము ఇంకను వివరముగ చెప్పినది. చరకసంహిత సూత్రస్థానమున పళ్ళు తోముట దినమునకు రెండు వేళల అని విధించెను. చిగుళ్ళకు బాధ కలుగకుండ తోమవలెనని కూడ అక్కడనే హెచ్చరించెను. సుశ్రుతుడు పుల్ల ఎట్లుండవలెనో కొలతతో చెప్పెను: పన్నెండంగుళముల పొడవు, చిటికెన వ్రేలంత లావు, గణుపులు లేక తిన్నగ ఉండవలెను. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, కారపు చెట్లలో కానుగ, తీపి చెట్లలో ఇప్ప శ్రేష్ఠములనెను. నాలుక గీచుకొనుటకు బంగారము, వెండి, రాగి మొదలగు లోహముల బద్దలను వాడుమని పూర్వులు చెప్పిరి. మన తోటలలో అందరికి అందునది కొబ్బరి ఈనె. నాలుకకు గీరుకొనకుండ మెత్తగ గీచినచో అదియు చాలును.

ఈ విధులలో "రెండు వేళల" అనుమాట మిక్కిలి ముఖ్యమైనది. ఉదయపు దంతధావనము నేటికిని మన ఇండ్లలో నిలిచియున్నది. పళ్ళు తోమక కాఫీ ముట్టని వారు అనేకులు. రెండవ వేళ మాత్రము మరుగున పడినది. మన సీమలో దంతములకు కలుగుచున్న హాని చాలవరకు ఈ మరుపు వలననే కలుగుచున్నది.

ఎంగిలియు పాచియు

ఎంగిలి అనగానేమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. భోజనమైన పిదప చేయి కడుగుకొని, నోరు పుక్కిలించిన గాని దేవునిగది గడప దాటము. ఎంగిలి నోటితో మంత్రము పలుకము. ఇంత పట్టింపు గల మనము రాత్రి భోజనము చేసి, పైన ఒక అరటిపండో పాలగ్లాసో పుచ్చుకొని, ఆ నోటితోనే ఏడెనిమిది గంటలు నిద్రించుచున్నాము. ఎంగిలి నోటితో దేవుని చెంతకు పోరానిచో, ఎంగిలి నోటితో నిద్రకు మాత్రము ఏల పోవలెను?

ఆ రాత్రివేళ నోటిలో జరుగునదేమో తెలిసికొందము. పళ్ళపై సూక్ష్మజీవులతో కూడిన జిగురుపొర ఒకటి ఎల్లప్పుడును ఏర్పడుచుండును. దీనినే మనము పాచి యందుము. 1683వ సంవత్సరమున హాలెండు దేశీయుడైన లీవెన్‌హూక్ తన పళ్ళపాచిని తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు ప్రాణులను గూర్చి వ్రాసెను. 1890లో మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవులు పిండిపదార్థములను, చక్కెరను ఆమ్లముగ మార్చుననియు, ఆ ఆమ్లము పన్నును కరగించుననియు వివరించెను. నేటి దంతవైద్యమునకు ఇది పునాది.

పన్ను పైనుండు ఎనామెల్ పొర మన శరీరమునందలి పదార్థములన్నిటిలో కఠినమైనది. అయినను విరిగిన ఎముక అతుకుకొనునట్లు ఇది అతుకుకొనదు. కరగి గుంటపడిన చోట మరల పెరుగదు. ఆరంభదశలో మాత్రము ఉమ్మినీరు రక్షకుడు. అది ఆమ్లమును విరుచును, పోయిన ఖనిజములను కొంతవరకు తిరిగి చేర్చును. అయితే నిద్రలో ఉమ్మినీరు బాగుగ తగ్గిపోవును. కాపలావాడు లేని రాత్రి దొంగకు తలుపు తెరచి యుంచినట్లే, రాత్రి తోమని నోరు పాచికి అప్పగించిన నోరు. ఉదయమున పాచినోరని మనము ఏవగించుకొనునది చాలవరకు రాత్రి మనము వదలిన ఎంగిలి ఫలమే.

చిగుళ్ళ మాట

పిప్పిపన్ను నొప్పితో కేకపెట్టును. చిగుళ్ళ జబ్బు అట్లుగాక చప్పుడు చేయకయే వచ్చును. అందుచేతనే అది ఎక్కువ ప్రమాదకరము. తోమక మిగిలిన పాచి ఉమ్మిలోని ఖనిజములతో కొన్ని దినములలోనే గట్టిపడి గారగా మారును. గారను బ్రష్షు తొలగింపజాలదు. దాని అంచున చిగురు ఎర్రబడి వాచును, తోమినపుడు నెత్తురు కనబడును. ఈ దశలో శ్రద్ధ వహించినచో చిగురు పూర్తిగ స్వస్థపడును. ఉపేక్షించినచో వాపు లోనికి పోయి, పన్నును పట్టియుంచు ఎముక తరుగును. ఒక్క గుంటయు లేని పళ్ళు కూడ అప్పుడు కదలి ఊడిపోవును. పునాది కూలిన పిదప గోడ గట్టిదైన నేమి లాభము?

నెత్తురు కనబడగానే చాలమంది ఆ చోట తోముట మానివేయుదురు. చేయవలసినది దానికి విరుద్ధము. మెత్తని బ్రష్షుతో ఆ చోటనే మరింత ఓపికగ శుభ్రము చేయవలెను. వారము పది దినములలో నెత్తురు ఆగనిచో వైద్యునికి చూపవలెను. పొగత్రాగువారికి ఈ హెచ్చరిక కూడ అందకపోవచ్చును. పొగాకు చిగుళ్ళ రక్తనాళములను కుంచింపజేయుట వలన లోన జబ్బు ముదురుచున్నను నెత్తురు కనబడదు.

చిగుళ్ళకును మధుమేహమునకును విడదీయరాని సంబంధము కలదు. చక్కెరవ్యాధి అదుపులో లేనిచో చిగుళ్ళు త్వరగ చెడును. చిగుళ్ళ వాపు ముదిరినచో చక్కెరను అదుపులో నుంచుట కష్టమగును. గుండె కవాటముల జబ్బు గలవారు పన్ను తీయించుకొనుటకు ముందే ఆ సంగతి దంతవైద్యునికి చెప్పి తీరవలెను. నోటిలోని సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించి కవాటములకు సోకు ప్రమాదము అట్టివారికి ఎక్కువ.

ఎట్లు తోమవలెను?

రాత్రి నిద్రకు ముందు ఒకమారు, ఉదయమున ఒకమారు, ప్రతిమారు రెండు నిమిషములు. రాత్రి తోమిన తరువాత మంచినీరు తప్ప మరేమియు నోట వేయరాదు. బ్రష్షు మెత్తనిదై యుండవలెను. దానిని చిగురు, పన్ను కలియు అంచువైపునకు కొంచెము వాలుగ నుంచి, చిన్న చిన్న కదలికలతో తోమవలెను. రంపముతో కోసినట్లు అడ్డముగ రాచినచో చిగురు క్రిందికి జారి, పన్ను మెడ అరిగి, చల్లనీటికి జివ్వుమనును. చిగుళ్ళకు బాధ కలుగరాదని చరకుడు చెప్పినది ఇందులకే. కుచ్చు విరిసిపోయిన బ్రష్షును, లేదా మూడునెలలు వాడిన దానిని మార్చవలెను. ఇంటిల్లిపాదికి ఒకే బ్రష్షు కూడదు.

పేస్టులో ఫ్లోరైడు ఉండుట మేలు. అది ఎనామెల్‌ను ఆమ్లమునకు తట్టుకొనునట్లు చేయును. "ఫ్లోరైడు విషము గదా, నల్గొండలో జనులు దానివలననే బాధపడిరి గదా" అని కొందరడుగుదురు. నల్గొండ, ప్రకాశం ప్రాంతములలోని కొన్ని గ్రామములలో దినమంతయు త్రాగు నీటిలో అది మితిమీరి యుండుట వలన పళ్ళు పసుపుబారెను, ఎముకలు వంగెను. తోమి ఉమ్మివేయు పేస్టు సంగతి వేరు. ఉప్పు కూరకు రుచి, గుప్పెడు తిన్న హాని. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణిగింజంత పేస్టు చాలును. మ్రింగకుండ పెద్దలు చూడవలెను.

వేపపుల్ల వాడువారిని మేము మానుమనము. కొసను బాగుగ నమిలి కుంచెవలె మెత్తగ చేసికొని, చిగుళ్ళకు గ్రుచ్చుకొనకుండ, లోపలివైపు పళ్ళను దవడపళ్ళను మరువక తోమినచో మంచిదే. అయితే ఆ లోపలి భాగములకు పుల్ల అందుట కష్టము కనుక రాత్రిపూట బ్రష్షు, పేస్టు వాడుట ఉత్తమము. ఇటుకపొడి, బొగ్గుపొడి, గరుకు ఇసుక వంటివి తెలుపు నిచ్చునట్లు కనబడినను పన్నును అరగదీయును. వానిని విడువవలెను. నూనె పుక్కిలించు గండూషవిధి ఆయుర్వేదమున కలదు. ఇష్టమున్నవారు చేయవచ్చును గాని అది తోముటకు బదులు కాదు.

పళ్ళ సందులను గూర్చి ఒక మాట. మామిడిపీచో, కొబ్బరిముక్కో ఇరుక్కొనగానే పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల తీయు అలవాటు మనకు కలదు. ఇవి చిగురును గాయపరచి సందును పెద్దది చేయును. దంతములకై అమ్ము సన్నని దారముతో గాని, సందులలో దూరు చిన్న బ్రష్షుతో గాని రాత్రి ఒకమారు శుభ్రము చేసికొనవలెను.

ప్రసాదము, ఉపవాసము

"తీపి తినవద్దందురు, మరి ప్రసాదము మాట ఏమి?" అని మమ్ము భక్తులు అడుగుచుందురు. అయినవిల్లి విఘ్నేశ్వరుని సన్నిధిని గాని, అంతర్వేది నృసింహుని సన్నిధిని గాని లభించు ప్రసాదమును కాదనవలసిన పని లేదు. పన్నుకు హాని చేయునది తిన్న తీపి పరిమాణము మాత్రమే కాదు, ఎన్నిమారులు తిన్నామన్నది అంతకన్న ముఖ్యము. తిన్న ప్రతిమారును పంటిపై ఆమ్లము పుట్టును. దానిని విరుచుటకు ఉమ్మినీటికి అరగంట, ఒక్కొక్కపుడు అంతకు మించి పట్టును. అందుచేత ఒక ఆత్రేయపురము పూతరేకును భోజనముతో తిని నోరు పుక్కిలించుట కన్న, ఒక కొబ్బరిలౌజును దినమంతయు కొంచెము కొంచెము కొరుకుట ఎక్కువ చేటు. బెల్లము చక్కెర కన్న పళ్ళకు మేలనుట భ్రమ. పళ్ళకు రెండును ఒక్కటే. అందు బెల్లపుపాకము పంటికి అంటుకొని యుండును గూడ. ప్రసాదమును భక్తితో ఒక్కమారు స్వీకరించి, పిమ్మట నీటితో బాగుగ పుక్కిలించుట మన ఆచారమునకును ఆరోగ్యమునకును సరిపోవును. పులుపు తిన్న వెంటనే మాత్రము తోమరాదు. మెత్తబడిన పైపొర అరుగును. పుక్కిలించి, అరగంట ఆగి తోమవలెను.

ఏకాదశి, అమావాస్య, శ్రాద్ధదినములలో దంతకాష్ఠము కూడదని శాస్త్రము నిషేధించినది. దీనిని ఆధారముగ గొని ఆ దినములలో కొందరు నోటిని పూర్తిగ వదలివేయుదురు. అదే శాస్త్రము ఆ దినములలో పన్నెండుమారులు నీటితో పుక్కిలించి ముఖశుద్ధి చేసికొనవలెనని చెప్పినది. నిషేధము పుల్లకే గాని శుద్ధికి కాదు. ఉపవాసమున నోరు ఎండును, వాసన పుట్టును. కావున నాడు నాలుక గీచుకొని మరింత శ్రద్ధగ పుక్కిలింపవలెను. ముందురోజు రాత్రి తోముకొని పండుకొన్నవారికి ఆ దినము భారముగ తోచదు.

పిల్లల పళ్ళు

తల్లులారా! పాలపళ్ళు ఊడిపోవునవే గదా అని ఉపేక్షింపకుడు. రెండున్నర యేండ్లకు వచ్చు ఆ ఇరువది పళ్ళు, వెనుక రాబోవు పళ్ళకు చోటు కాచి యుండును. అవి పుచ్చి ముందే పోయినచో తరువాతివి వంకరగ వచ్చును. చక్కెర కలిపిన పాలసీసా నోట నుంచి బిడ్డను నిద్రపుచ్చరాదు. ముందుపళ్ళు మొదట పాడగుట చాలవరకు దానివలననే. మొదటి పన్ను కనబడిన నాటినుండియే శుభ్రము చేయుట మొదలిడవలెను. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పిల్లలచేత తోమించి, పిమ్మట పెద్దలు ఒకమారు తోమవలెను.

ఆరవ యేట జరుగు ఒక విషయము చాలమందికి తెలియదు. ఏ పాలపన్నును ఊడకుండగనే, దవడల చివర నాలుగు పెద్దపళ్ళు మొలచును. ఇవి శాశ్వతమైనవి. పాలపళ్ళని భ్రమించి వీనిని వదలివేయుట వలన పదేండ్లకే పుచ్చిన పెద్దపన్ను కనబడును. ఆరేండ్ల బిడ్డ నోటిలో వెలుతురు వేసి చూచి, ఆ పళ్ళను ప్రత్యేకముగ తోమవలెను.

ఆటలలో పడి శాశ్వతమైన ముందుపన్ను ఊడివచ్చినచో దానిని పారవేయకుడు. వేరును ముట్టక, పైభాగమును పట్టుకొని, మురికి యున్నచో పాలతో గాని చల్లని మంచినీటితో గాని క్షణకాలము కడిగి, వీలైనచో ఆ గుంటలోనే నిలుపవలెను. లేనిచో చల్లని పాలలో వేసి, గంటలోపల దంతవైద్యుని చేరవలెను. తిరిగి నాటుకొనుటకు అవకాశము కలదు. కొబ్బరినీళ్ళలో ఆ పన్నును భద్రపరచుటపై కూడ మనదేశమున పరిశోధనలు జరిగినవి. ఫలితములు ఏకరీతిగ లేవు కనుక పాలనే వాడుట మేలు. ఊడినది పాలపన్ను అయినచో తిరిగి పెట్టరాదు.

తాంబూలము, పొగాకు

భగవంతునికి తాంబూలము సమర్పించుట, ముత్తైదువలకు ఇచ్చుట మన మర్యాద. దానిని గూర్చి మేమేమియు ననము. దినమంతయు వక్క దవడన నుంచుకొనుట మాత్రము వేరు విషయము. పొగాకు కలుపకున్నను వక్క క్యాన్సరును కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2004లో ప్రకటించినది. వక్క నిరంతరము నమలువారికి బుగ్గల లోపలి చర్మము బిగిసి, నోరు తెరచుటయే కష్టమగును. ఒకనాడు ముద్ద పట్టిన నోట వ్రేలు దూరదు. గోదావరి లంకలలో పండిన పొగాకు చుట్టలకు పేరుపొందినది. ఉత్తర కోస్తా గ్రామములలో చుట్టను తిరగవేసి నిప్పు నోటిలో నుంచుకొను అడ్డపొగ వలన అంగిటి క్యాన్సరు వచ్చుచున్నట్లు వైద్యులు ఎన్నడో గుర్తించిరి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా – పేరేదైనను నోటికి శత్రువే.

రెండువారములలో మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు సరిగ తెరవలేకపోవుట, కారణము లేక పన్ను కదలుట – ఇందేది కనబడినను నొప్పి లేదని ఊరకుండరాదు. మొదట కనుగొన్న వ్యాధి చాలవరకు నయమగును.

తొలగింపవలసిన భ్రమలు

"గార తీయించుకొన్న పళ్ళు కదలును" అనునది మన ఊళ్ళలో మిక్కిలి వినవచ్చు మాట. పన్నును పట్టియుంచిన ఎముక అంతకుముందే తరిగి, గార అడ్డముండి ఆ సంగతి తెలియకుండెను. గార పోగానే సందులు తెలియును. గోడకు ఆనించిన చెత్తను తీసినంత మాత్రమున గోడ పగుళ్ళు క్రొత్తగ పుట్టవు గదా! ఇది పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్త చికిత్స కూడ కాదు. సుశ్రుతుడు గారను దంతశర్కర యని పేర్కొని, పళ్ళ మొదళ్ళకు హాని కలుగకుండ వైద్యుడు దానిని తొలగింపవలెనని విధించెను.

"పై పన్ను తీయించుకొన్న చూపు పోవును" అనునదియు అట్టిదే. కంటినరము వేరు, పంటినరము వేరు. ఇక పిప్పిపంటిలోని పురుగులను వాకుడుగింజల పొగతో రాల్చుదుమని తిరుగువారిని నమ్మి మోసపోకుడు. పంటిని తొలుచునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. లవంగనూనె నొప్పిని కొంతసేపు తగ్గించును గాని గుంటను పూడ్చదు. నొప్పి తగ్గినదని ఊరకున్నచో వ్యాధి వేరునకు దిగును. దవడ వాచి, జ్వరము వచ్చి, మ్రింగుటకో ఊపిరికో కష్టమైనచో అది ప్రాణాపాయ లక్షణము. క్షణమైనను ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పోవలెను.

పెద్దలకు, వారి బిడ్డలకు

వృద్ధులలో అనేకులు పళ్ళు పోయిన పిదప మెత్తని అన్నము, పాలు, అరటిపండుతో కాలము గడుపుదురు. కూరలు, గింజలు నమలలేక బలహీనపడుదురు. నలుగురిలో నవ్వుటకు, నామము చెప్పుటకు సిగ్గుపడుదురు. కోడుకులు, కోడండ్రు దీనిని వయోధర్మమని వదలరాదు. కట్టుడుపళ్ళు పెట్టించుట పితృసేవయే. వానిని రాత్రి తీసి, తోమి, మంచినీటిలో నుంచవలెను. పళ్ళు లేని చిగుళ్ళను కూడ మెత్తని గుడ్డతో తుడువవలెను. గర్భిణులకు చిగుళ్ళు వాచి నెత్తురు వచ్చుట కలదు. వారు తోముట మానరాదు, వైద్యునికి చూపుటకు జంకరాదు.

నొప్పి లేకున్నను ఏడాదికొకమారు దంతవైద్యునికి చూపుకొనుట మంచిది. అమలాపురము, రాజోలు, కొత్తపేటలకు బస్సెక్కి పనులమీద పోవువారు ఆ ఒక్క పనిని కూడ చేర్చుకొనవచ్చును. రుసుమునకు వెనుకాడువారికి రాజమహేంద్రవరము చెంత దంతవైద్య కళాశాలలు కలవు. చిన్నగుంట పూడ్చుటకగు వ్యయము, వేరువరకు ముదిరిన పంటికగు వ్యయములో కొద్దిపాలు మాత్రమే.

భక్తమహాశయులారా! ప్రపంచమున సుమారు 350 కోట్లమంది నోటి వ్యాధులతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో తెలిపినది. ఇందు అధికభాగము నివారింపదగినదే. మేము కోరునది పెద్ద వ్రతము కాదు. నేటి రాత్రి భోజనమైన పిదప, పడకకు చేరకమునుపు రెండు నిమిషములు పళ్ళు తోమి, నాలుక గీచుకొని, శుద్ధమైన నోటితో ఇష్టదైవమును ఒక్కమారు స్మరించి నిద్రింపుడు. మీ బిడ్డలచేతను చేయింపుడు. మండలము దినములు విడువక చేసినచో అది అలవాటగును. ఆ నోట నామము కడవరకు స్పష్టముగ పలుకునట్లు శ్రీ వీరేశ్వరస్వామి మిమ్ముల ననుగ్రహించుగాక!

స్వస్తి.